గేదె పేరున గిటారు పట్టా

నేరేడులంక మున్సిపాల్టీకి త్రివిక్రమం గారని కమిషనరొచ్చిన ఏడాది సంగతండి ఇది. ఆయన చాలా మంచోడు. లంచం ముట్టడు, కోపం రాదు, అబద్ధం ఆడడు. అందుకే ఊరంతా ఆయన్ని చూసి వణికిపోయేవోళ్ళు. లంచం తినేవోడైతే ఎక్కడ ఆగుతాడో అందరికీ తెలుసు. మంచోడు ఎక్కడ ఆగుతాడో ఎవడికి తెలుసు?

ఓ సాయంత్రం ఆయన షికారుకెళ్తా, ఆశీర్వాదం ఇంటి కిటికీలోంచి లోపలికి చూసేడు. గోడకి వరసగా ఐదు గిటార్లు. పక్కింటి కిటికీలోంచి చూసేడు. అది బజ్జీల నూకాలు ఇల్లు. గోడకి ఒక్క క్యాలెండరు, అదీ పోయినేడుది. అంతే, కమిషనరు గారి గుండె తరుక్కుపోయింది. ఇంటికెళ్ళి కంచం ముందు కూచుని, "ఒక కొంపలో ఐదు వాద్యాలా! పక్క కొంపలో పిల్లనగ్రోవన్నా లేదా! చప్పుడు పంపకంలో ఇంత అన్యాయమా!" అని కళ్ళనీళ్ళెట్టుకున్నాడంట. నూకాలుకి మాత్రం తనకి గిటారు లేదన్న బాధొకటి ఉందని అప్పటిదాకా తెలీదు పాపం.

తెల్లారేసరికి ఆటోకి మైకు కట్టేసేరు. "ఇందుమూలముగా నేరేడులంక పురప్రజలకు తెలియజేయునది యేమనగా, వాద్య గరిష్ఠ పరిమితి ఉత్తర్వు ననుసరించి కుటుంబమొక్కింటికి వాద్యము ఒక్కటి మాత్రమే ఉండవలెను. మిగులు వాద్యములు స్వాధీనపరచుకొని వాద్యరహిత నిరుపేదలకు పంపిణీ చేయబడును."

ఊరు ఊరంతా గోలెత్తిపోయింది. సన్నాయి అన్న, డోలు తమ్ముడు, తాతలనాటి ఉమ్మడి కాపురం, ఒక్క పూటలో వేరు పడిపోయేరు. గుళ్ళో గంటా ఉంది, శంఖమూ ఉంది. పూజారి గారు దేవుడూ అమ్మవారూ వేరే కాపురాలని చెప్పుకుని బయటపడ్డాడు, చెప్పేక పదిసార్లు లెంపలేసుకున్నాడు. ఈలేసే కుక్కరు వాద్యం కిందికొస్తదా రాదా అని ఆఫీసులో వారం పాటు మీటింగులయ్యేయి. చివరికేం తేల్చేరంటే, లోపల పప్పుంటే వంటసామాను, ఉత్తినే కూస్తే వాద్యం.

ఇంక మన కాకర ఆశీర్వాదం సంగతి. ఇతను బేబీ స్టార్ ఆర్కెస్ట్రాలో బేసు గిటారు వాయిస్తాడు. పాటకి అడుగున గుమ్ము గుమ్ముమని ఒకటి మోగుతా ఉంటదే, అదే బేసు. పెళ్ళిలో దాన్నెవరూ వినరు. కానీ అది లేపోయిందా, తిన్న పెరుగన్నం అరగదు. ఎందుకరగలేదో ఎవడికీ తెలీదు.

ఐదు బేసులూ ఐదు రకాలు. నల్లది మొట్టమొదట కొన్నది. ఎర్రది జాతర్లకి, తెల్లది చర్చీకి. నాలుగోది మెడ విరిగింది, ఓ పెళ్ళిలో పెళ్ళికొడుకు బాబాయి దాని మీద కూచున్నాడు. ఐదోది పనసది.

పనసదాని గురించి కాస్త చెప్పాలి. బొబ్బిలి వైపు వీణలు చేసే పెద్దాయనొకడు పనస మొద్దు తొలుస్తుంటే, ఆశీర్వాదం వెళ్ళి కాళ్ళ మీద పడ్డాడు. "బాబూ, ఈ మొద్దుతో నాకో బేసు చేసి పెట్టండి" అని. పెద్దాయన నవ్వేడు. "వీణకి ఏడు తీగల్రా. నీదానికి నాలుగేనా? సరేలే, తక్కువైన మూడు తీగల సంగీతం చెక్కలోనే దాచేస్తాను" అన్నాడు. దాచేసేడు కూడా. ఆ తరవాత ఆయన కాలం చేసేడు, అలాంటిది ఇంకోటి లేదు, ఇంక రాదు. దూడంత బరువు. దాని లావు తీగ మీటితే చేలో మంచెలు ఊగేవి. కాలవలో చేపలు ఒడ్డుకొచ్చి చెవులు రిక్కించేవి. చేపలకి చెవులెక్కడివి అనకండి, ఆశీర్వాదం వాయిస్తే మొలిచేవి. ఎదురింటి వీర్రాఘవులుకి ఓ గేదుండేది. పేరు పున్నమి, రంగు అమాస. ఆ గుమ్ము వినపడిందంటే దూడ అక్కర్లేదు, తవుడు అక్కర్లేదు, నిలబడ్డ చోటే పాలు చేపేసేది. వీర్రాఘవులు బిందెట్టుకుని పరిగెత్తేవోడు.

మైకు ఆటో అలా వెళ్ళిందో లేదో, వాద్య తాసీల్దారు ఉపేంద్రం గారు దిగేడు. సర్వీసంతా భూముల సీలింగులో చేసినోడు. భూములైపోయి, ఏ పనీ లేక, కుర్చీలో కూచుని కునికేవోడు. వాద్యాలు వచ్చేసరికి పాతికేళ్ళు వయసు తగ్గిపోయింది. గొలుసు పట్టించుకుని మరీ వచ్చేడు, కొలవడానికి.

"వీటికి కరెంటు పారునా?"

"పారుద్దండి. ఇదిగో, ఈ వైరులోంచి."

"అయితే మాగాణి. కరెంటు పారనిది మెట్ట. మెట్టయితే అప్పీలుకు వీలుండెడిది, మాగాణికి అదియు లేదు." గొలుసు పరిచి పనసదాన్ని తలకాయ నుంచి తోక దాకా కొలిచేడు. "తీగలెన్ని?"

"నాలుగండి."

"గిటారుకు ఆరు అని మా మేనల్లుడు చెప్పియున్నాడు. మిగతా రెండును ఎక్కడ దాచితివి?"

"దాచడవేంటండి బాబూ! బేసుకి పుట్టుకతోనే నాలుగండి."

"ఒక్కొక్క దానికి రెండేసి తీగలు కప్పిపుచ్చినట్టు భావించడమైనది" అని ఉపేంద్రం గారు తేల్చేసేడు. "ఏ ఒక్కటి ఉంచుకొందువో వారములోగా తెలియజేయుము. తెలియజేయనిచో ప్రభుత్వమే తూకము వేయును. అన్నిటికన్న తేలికది నీకు, బరువైనవి ప్రభుత్వమునకు."

ఆశీర్వాదం పనసదాని వైపు చూసేడు. దూడంత బరువు.

ఆ వారం ఇతనికి కూడు సయించలేదు. గిటార్లు ఐదూ మంచం మీద పరుచుకుని, ఒక్కోదాన్నీ ఒళ్ళోకి తీసుకోడం, మళ్ళీ పడుకోబెట్టడం. వాళ్ళావిడ సువార్త గుమ్మంలో నిలబడి చూసింది.

"దీనికింత ఏడుపెందుకయ్యా? ఒకటుంచుకోమన్నాడు. పనసది నీ పేరున ఉంచుకో. మిగతాయి పోనీ."

"చేతికి ఐదు వేళ్ళున్నాయే నాకు. ఏది కోసుకోమంటావ్?"

"నాకు పెళ్ళైన కాణ్ణించి ఫ్యాను కింద అయ్యే పడుకుంటన్నాయి, నేను వసారాలో పడుకుంటన్నాను. నాలుగు కోసుకున్నా నాకు పరవాలేదు" అనేసి పొయ్యి దగ్గరికెళ్ళిపోయింది.

ఆవిడ మాట వినుంటే ఈ కథే లేదు. కానీ సరిగ్గా అప్పుడే బావమరిది దానియేలు వచ్చేడు. దానియేలుకి ఏ పనీ రాదు గానీ, సలహా చెప్పడంలో మాత్రం జిల్లాలో లేడు.

"బావా, నువ్వొట్టి అమాయకుడివి. సీలింగంటే ఏంటో మా తాతని అడగాల. ఆయన దొర గారి దగ్గర పాలేరు. దొర ఏం చేసేడు? మంచి భూములన్నీ పాలేర్ల పేరున పెట్టేడు, కుక్కల పేరున పెట్టేడు, పిల్లి పేరున కూడా రెండెకరాలు పెట్టేడు. చౌడు నేల తన పేరునుంచుకుని, అమ్మో నా భూమి పోతందని ఏడిచేడు. పోయిందేంటి? చౌడు!"

"మరి మీ తాతకేవొచ్చింది?"

"మా తాత పేరున పదెకరాలుండేది బావా! పాపం ఆయనకే తెలీదు, పోయేదాకా."

ఆశీర్వాదానికి ఈ మాట తెగ నచ్చేసింది. పాలేరు వైపు నుంచి ఆలోచించలేదు, దొర వైపు నుంచే ఆలోచించేడు. ఎర్రది అత్తగారు శాంతమ్మ పేరున పెట్టేడు. తెల్లది దానియేలు పేరున. నల్లది పక్కింటి నూకాలు పేరున. మెడ విరిగింది చౌడు కదా, అది తన పేరునే ఉంచుకున్నాడు. ఇంక పనసది.

"దాన్ని మాత్రం మనిషి పేరున పెట్టకు బావా" అన్నాడు దానియేలు. "పేరున పడ్డాక మనిషి మనసు మారుద్ది. నోరు లేనిదాని పేరున పెట్టు."

అలా పనసది పున్నమి పేరున పడింది. వీర్రాఘవులు దొడ్లో, దాణా తొట్టి పక్కన, గోనెపట్టా కప్పుకుని కూచుంది. "నాకేంట్రా, ఉంచుకో. ఇక్కడే, దగ్గర్నించి వాయించావంటే నాకు బిందె తడవకుండా పోతదా?" అన్నాడు వీర్రాఘవులు.

అయితే ఈ తెలివి ఆశీర్వాదం ఒక్కడికే ఉందా? ఊరంతటికీ ఉంది. నెల తిరిగేసరికి నేరేడులంకలో మిగులు వాద్యమన్నదే లేదు. పుట్టని పిల్లల పేరున మద్దెలలు, పోయిన ముసలోళ్ళ పేరున హార్మనీలు. కమిషనరు గారికి మళ్ళీ కళ్ళనీళ్ళొచ్చేయి. మళ్ళీ ఆటో తిరిగింది. "మీటువానిదే వాద్యము! పేరుగలవారు అధికారి యెదుట స్వయముగా వాయించి చూపవలెను. చూపినచో శాశ్వత పట్టా యియ్యబడును. చూపలేనిచో వాద్యము స్వాధీనము."

ఆశీర్వాదం ఉన్నపళాన అందరికీ పాఠాలు మొదలెట్టేడు. అత్తగారి వేళ్ళు పట్టుకుని తీగల మీద పెట్టేడు. నూకాలుకి బజ్జీల మూకుడు పక్కనే నేర్పేడు. దానియేలు చేత గుంజీలు తీయించి మరీ నేర్పేడు. "గుమ్ము, గుమ్ము, ఆగు. గుమ్ము, గుమ్ము, ఆగు. అధికారి వచ్చెళ్ళేదాకా ఈ రెండు గుమ్ములూ వస్తే చాలు తల్లీ" అని బతిమాలేడు.

వాళ్ళకి రాపోతే బాగుండేది. వచ్చేసింది.

శాంతమ్మ ప్రార్థన కూటంలో గిటారు తగిలించుకుని నిలబడితే, పక్కూళ్ళ నుంచి బళ్ళు కట్టుకొచ్చేవోళ్ళు. పాస్టరు గారు ప్రసంగం మొదలెడితే "అయ్యగారూ, ముందర శాంతమ్మ గారి గుమ్ము కానివ్వండి" అనేవోళ్ళు. నూకాలు ఎడంచేత్తో తీగ నొక్కి, కుడిచేత్తో చిల్లుల గరిటె తిప్పేది. ఆ గుమ్ముకి మూకుట్లో మిరపకాయ బజ్జీ సొరకాయంత పొంగేది. దానియేలైతే బేబీ స్టార్ ఆర్కెస్ట్రాలోనే చేరిపోయేడు. ఎవరి చోట్లోనంటారా? ఆశీర్వాదం పేరున ఉన్నది మెడ విరిగింది కదా, అతన్నెవరు పిలుస్తారు?

ఉపేంద్రం గారొచ్చి ముగ్గురి వాయింపూ విన్నాడు, ముగ్గురికీ అక్కడే పట్టాలిచ్చేసేడు. ఆయనటు వెళ్ళగానే ఆశీర్వాదం చేతులు చాపుకుంటా అత్తగారింటికెళ్ళేడు.

"అత్తా, గండం గడిచింది. గిటారిలా ఇచ్చెయ్యి."

శాంతమ్మ ఎర్రదాన్ని పైటకొంగుతో తుడుస్తా, "అల్లుడు గారూ, నేను మీకు పిల్లనిచ్చాను. తిరిగిచ్చెయ్యమని ఎప్పుడన్నా అడిగానా?" అంది.

నూకాలేమో, "తమ్ముడూ, ఇది లేకముందు నాకే బాధా లేదు. ఇప్పుడు తీసుకుపోయేవంటే బాధొస్తది" అని పది బజ్జీలు పొట్లం కట్టిచ్చింది. దానియేలు ఇంటికే రావడం మానేసేడు.

ఇంక మెడ విరిగింది. ఉపేంద్రం గారు మీటమన్నాడు. ఆశీర్వాదం మీటేడు. కప్ప దగ్గినట్టు ఓ చప్పుడొచ్చింది. "ఫలసాయము లేదు. బీడు. బీడు వాద్యము స్వాధీనము" అని, గొలుసు పట్టేవోడి చేత మోయించుకుపోయేడు.

ఆశీర్వాదం ఏడవలేదు. పనసదుంది కదా! గేదె ఏవన్నా మీటుతుందా, పాఠం నేర్చుకుంటుందా, అత్తగారిలా ఎదురు తిరుగుతుందా? గేదె వాయించలేదు గాబట్టి పట్టా రాదు. ఎలాగా స్వాధీనం చేసేస్తారు గాబట్టి, ఆ ముందే కాళ్ళా వేళ్ళా పడి "ఇది నాదేనండి, నా పేరున మార్చండి, నా ఒక్కటీ ఇదే" అని అడుగుదావని ఎత్తు వేసేడు.

మర్నాడు ఉపేంద్రం గారు దొడ్లో కుర్చీ వేయించుకు కూచున్నాడు. ఎదురుగా పున్నమి నెమరేస్తంది.

"పట్టాదారు ఈమెయేనా?"

"ఆయ్" అన్నాడు వీర్రాఘవులు.

"ఎటుల మీటును?"

"మీటదండి. ఇది మా..." అని ఆశీర్వాదం అందుకోబోయేడు గానీ, వీర్రాఘవులు ఆగితేనా? గేదె పొగడ్త మొదలెడితే అతన్నెవరూ ఆపలేరు. "మీటదు గానండి, మా పున్నమికి సంగీతం పిచ్చండి! ఒరే ఆశీర్వాదం, ఓసారి కొట్టరా, అయ్యగారు చూస్తారు!"

గోనెపట్టాలోంచి తీసిన పనసది ఆశీర్వాదం చేతిలోనే ఉంది. నెల రోజులై ముట్టుకోలేదు. వేళ్ళు ఆగలేదండి. లావు తీగ అలా తగిలిందో లేదో, పున్నమి నెమరాపి, కళ్ళు మూసుకుని, చేపింది. ఎలా చేపిందనుకున్నారు? బిందె నిండింది, దాణా తొట్టి నిండింది, ఉపేంద్రం గారి బూట్లు నిండిపోయేయి. కుర్చీతో సహా ఆయన గుమ్మం దాకా తేలిపోయేడు. తేల్తానే రాయించేడు: "సదరు గేదె వాద్యఫలసాయమును స్వయముగా అనుభవించుచున్నది. మీటుట యనగా చేతితోనే మీటవలెనని ఉత్తర్వులో లేదు. శాశ్వత పట్టా మంజూరు."

ఆశీర్వాదం అక్కడే కూలబడిపోయేడు.

వీర్రాఘవులు మాత్రం గెంతేడు. "గేదె నాది! గేదెది గిటారు! అంటే గిటారూ నాదే కదండి అయ్యగారూ?"

"ఎంత మాట!" ఉపేంద్రం గారి మొహం ఎర్రబడింది. "పట్టాదారును ఇంకొకరు సొంతము చేసుకొనుట వెట్టిచాకిరీ యగును. నేటి నుండి ఈమె స్వతంత్రురాలు. దొడ్డియు ఈమెదే. పాలు పితుకువాడవు గనుక నీవు ఈమె పాలేరువు. వాయించువాడు గనుక అతడును పాలేరే."

వీర్రాఘవులూ ఆశీర్వాదం పక్కన కూలబడ్డాడు.

ఆపై వారం పంపిణీ సభ పెట్టేరు. షామియానా, పూలదండలు, అంతా ఘనంగా. ఊరు మొత్తం మీద మిగులు తేలిన వాద్యం ఒక్కటంటే ఒక్కటి, మెడ విరిగిన బేసు. నిరుపేదలు నలుగురు. దాంతో మనిషికో తీగ. చెక్క మాత్రం పోరంబోకు, ఎవరూ చెయ్యెయ్యకూడదు. నిరుపేదల్లో మొదటి పేరు ఎవరిదో తెలుసాండి? కాకర ఆశీర్వాదం. పాపం అతని పేరున ఇప్పుడేవుంది గనక?

కమిషనరు గారు స్వయంగా దండేసి, లావు తీగ చేతిలో పెట్టి, గట్టిగా వాటేసుకున్నాడు. "నిన్న సాయంత్రం మీ ఇంటి కిటికీలోంచి చూసేను నాయనా. గోడంతా బోసిగా ఉంది. నా గుండె తరుక్కుపోయింది." నిజంగానే ఏడిచేడు. మంచోడండి, మరి.

ఆశీర్వాదం తీగ పట్టుకుని ఇంటికి రాలేదు, సరాసరి దొడ్డికెళ్ళేడు. పున్నమి ముందురోజే పనసదాని లావు తీగ గడ్డి అనుకుని నమిలేసింది. తనకిచ్చిన తీగ దానికి బిగించేడు. తీగ అతనిది, చెక్క గేదెది. పొద్దున్నా సాయంత్రం వెళ్ళి వాయించేవోడు, పక్కనే వీర్రాఘవులు పితికేవోడు. పాలేర్లిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నిట్టూర్చేవోళ్ళు. పెళ్ళిళ్ళకి పనసది కావాలంటే పట్టాదారు కూడా రావాల్సిందే. ట్రాక్టరెక్కించి తీసుకెళ్ళేవోళ్ళు, పాయసానికి పాలు కలిసొస్తాయని పెళ్ళివోళ్ళూ కాదనేవోళ్ళు కాదు. ఏదో ఒకలా పనసది చేతిలో ఉంది కదాని ఆశీర్వాదం సద్దుకుపోయేడు.

కానీ కమిషనరు గారికి షికారు అలవాటు పోతదా? ఓ సాయంత్రం దొడ్లోకి తొంగి చూసేడు. ఒక గేదెకి ఇద్దరు మనుషులు. పక్క దొడ్లోకి చూసేడు. అక్కడ గేదెకి ఒక్కడూ లేడు.

మళ్ళీ ఆటో. "గేదె యొక్కింటికి పాలేరు ఒక్కడే. ఎవరిని ఉంచుకొనవలెనో పట్టాదారే నిర్ణయించును."

దొడ్డి చుట్టూ జనం. ఎర్రది తగిలించుకుని శాంతమ్మ, పొట్లాలతో నూకాలు, జనం వెనకాల దాక్కుని దానియేలు, అందరూ వచ్చేరు. ఉపేంద్రం గారు ఈసారి బూట్లు లేకుండా వచ్చేడు. పున్నమిని మధ్యలో నిలబెట్టేరు. అటు చివర వీర్రాఘవులు, పచ్చి జనుము, తవుడు గంప, చిన్నప్పట్నుంచీ పెంచిన చేతులు. ఇటు చివర ఆశీర్వాదం, ఒక్క పనసది.

పున్నమి వీర్రాఘవులు వైపు నాలుగడుగులేసింది. గేదె కాదంటే, పనసదాన్ని ఇంక ఆ దొడ్డి గేటు బయట నుంచి చూడ్డమే. నోరు తెరిచి అడగలేడు, గేదెకి మాటలు రావు. మాటలొస్తే మాత్రం ఏమని అడుగుతాడు? కళ్ళు మూసుకుని, నిమ్మళంగా, ఎవరికీ వినపడనంత నిమ్మళంగా, లావు తీగ ఒక్కసారి మీటేడు.

పున్నమి ఆగింది. జనుము వాసన ఓసారి చూసింది. వెనక్కి తిరిగింది. వచ్చి, బరువైన తలకాయ తెచ్చి ఆశీర్వాదం భుజం మీద పెట్టేసింది.

"నిర్ణయమైనది" అన్నాడు ఉపేంద్రం గారు.

వీర్రాఘవులు గంప నేల మీద పెట్టేసేడు. ఆ మొహం చూస్తే ఆశీర్వాదానికి తన మొహమే కనపడింది.

"అయ్యా, మరి పాలెవరు తియ్యాలండి?" అన్నాడు ఆశీర్వాదం.

"నీవే."

"నాకు రాదండి."

"నేర్చుకొనుము."

వీర్రాఘవులు ముక్కు తుడుచుకున్నాడు. "రెండు వేళ్ళ పనేరా, నీ బేసులాంటిదే" అన్నాడు. "రేపొద్దున్న గేటు బయట నిలబడి నేన్చెప్తా, నువ్వు చెయ్యి. గేటు బయట సీలింగు లేదు కదండి అయ్యగారూ?"

ఉపేంద్రం గారు ఉత్తర్వంతా తిరగేసి, "ప్రస్తుతమునకు లేదు" అన్నాడు.

ఆరోజు సువార్త పెళ్ళయ్యేక మొదటిసారి ఫ్యాను కింద చాపేసుకుని కాళ్ళు బార్లా చాపుకుంది. ఆశీర్వాదం దొడ్లో పున్నమి పక్కన గడ్డి మీద, పనసదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. ఐదింట్లో ఏది ఉంచుకోవాలో తేల్చుకోలేక వారమంతా కూడు మానేసిన మనిషండి అతను. ఆ గేదె చూడండి, గడ్డి కూడా మానకుండా తేల్చేసుకుంది.